రోమన్ రాణుల వెండి నాణేలు: కొప్పు చూడాలా, అక్షరాలు చదవాలా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. ఒక డినారియస్ (రోమన్ల వెండి నాణెం) గురించి సాయం కావాలి. అడ్డం 18 మి.మీ., తూకం 3.05 గ్రాములు. బొమ్మ వైపు కుడికి తిరిగిన స్త్రీ తల, చుట్టూ అక్షరాల్లో ‘ఫౌస్టీనా’ స్పష్టంగా ఉంది, దానికి ముందు కొంచెం అరిగింది. బొరుసు మీద కాగడా పట్టుకుని నిలబడ్డ స్త్రీ, పక్కన ‘అగస్టా’. అమ్మినవాళ్లు ‘ముఖం లేతగా ఉంది కాబట్టి చిన్న ఫౌస్టీనా’ అని రాశారు. నిజమేనా? ఇంకో ప్రశ్న: రాణుల బొమ్మలున్న వెండి నాణేలు మాత్రమే పోగు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సిగముడి:
ముఖం లేతగా ఉందా ముదురుగా ఉందా అన్నది లెక్కలోకి తీసుకోకండి. అచ్చు చెక్కినవాడి చేతివాటం, తర్వాత అరుగుదల, రెండూ కలిసి అరవై ఏళ్ల ఆవిడని పాతికేళ్ల పిల్లని చేస్తాయి. చూడాల్సినవి రెండే: జుట్టు, అక్షరాలు. అదీ రెండూ కలిపి.

పెద్ద ఫౌస్టీనా, అంటే ఆంటోనైనస్ పయస్ చక్రవర్తి భార్య, జడలన్నీ పైకి లాగి నడినెత్తి మీద చుట్టకుదురులా పెట్టుకుంటుంది. పక్కనుంచి చూస్తే తల మీద చిన్న గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. ఆమె కూతురు చిన్న ఫౌస్టీనా, మార్కస్ ఆరేలియస్ భార్య, ముడిని తల వెనక, మెడకి కాస్త పైన వేసుకుంటుంది. నెత్తి మీద సిగ అయితే తల్లి, వెనక ముడి అయితే కూతురు. ఇది అరిగిపోయిన నాణెం మీద కూడా తెలుస్తుంది, ఎందుకంటే తల బయటి గీత చివరిదాకా మిగులుతుంది.

ఇక అక్షరాలు. పెద్దావిడ క్రీ.శ. 140లో పోయింది, వెంటనే దేవతని చేశారు. భర్త 161 దాకా ఆమె పేరు మీద నాణేలు వేయిస్తూనే ఉన్నాడు. అందుకే ఆమె నాణేల్లో ఎక్కువ భాగం మీద ‘దివా ఫౌస్టీనా’ అని ఉంటుంది, ‘దివా’ అంటే దేవత అయినది అని. బతికుండగా వేసినవి ఉన్నాయి కానీ తక్కువ. ‘దివా ఉంటే తల్లి, లేకపోతే కూతురు’ అని చాలామంది బట్టీ పట్టేస్తారు. అక్కడే దెబ్బ తింటారు. కూతురు కూడా కప్పడోకియాలో హలాలా అనే ఊళ్లో చనిపోయాక దేవత అయింది. అప్పుడు ఆమె పేరున వేసిన నాణేల మీద ‘దివా ఫౌస్టీనా పియా’ అని ఉంటుంది. ఆ చివరి ‘పియా’ అరిగిపోతే తల్లి ఖాతాలో పడిపోతుంది. అప్పుడు కాపాడేది వెనక ముడే.

మీ నాణెం మీద సిగ ఎక్కడ ఉందో చెప్పండి.

గోదారిగట్టు:
నడినెత్తి మీదే అండి. ‘ఫౌస్టీనా’కి ముందు నాలుగు అక్షరాలు పట్టే జాగా ఉంది. నిలువు గీత ఒకటి, ‘వి’ లాంటిది ఒకటి కనిపిస్తున్నాయి.

సిగముడి:
అయితే ‘దివా’నే (DIVA). తల్లి. లాటిన్‌లో ‘యు’ని కూడా ‘వి’ లాగే చెక్కుతారు, కాబట్టి ‘ఫౌస్టీనా’ మధ్యలో కూడా ‘వి’ కనిపిస్తుంది, కంగారు పడకండి. బొరుసు మీద కాగడా పట్టుకున్నది ధాన్యదేవత సెరెస్. కేటలాగులో ఏ నంబరు అన్నది ఆమె రెండో చేతిలో ఏముందన్న దాని మీద ఉంటుంది. అది తర్వాత చూద్దాం.

తక్కెడరాజు:
3.05 గ్రాములు ఆ కాలానికి సరిపోతుంది. తూకం సంగతి ఒకసారి చెప్పుకుందాం, ఎందుకంటే కొత్తవాళ్లు అన్ని డినారియస్‌లకీ ఒకే తూకం ఉండాలనుకుంటారు.

అగస్టస్ నాడు ఒక రోమన్ పౌను వెండికి 84 నాణేలు, అంటే ఒక్కోటి 3.9 గ్రాముల దగ్గర. 64లో నీరో దాన్ని 96కి పెంచాడు, నాణెం 3.4 గ్రాముల దగ్గరికి దిగింది, వెండి పాలూ తగ్గింది. ఫౌస్టీనాల కాలానికి చేతికొచ్చే నాణేలు మామూలుగా 2.9 నుంచి 3.5 మధ్య తూగుతాయి. 194-195 ప్రాంతంలో సెప్టిమియస్ సెవెరస్ వెండిని సగానికి దగ్గరగా దించేశాడు. అందుకే ఆయన భార్య జూలియా డోమ్నా, ఆ తర్వాతి రాణుల నాణేలకి తూకం పెద్దగా తేడా లేకపోయినా రంగు, మోత, అంచు వేరుగా ఉంటాయి.

215లో సెవెరస్ కొడుకు కారకల్లా ఇంకో పెద్ద నాణెం తెచ్చాడు, ఇప్పటివాళ్లు దాన్ని ఆంటోనినియానస్ అంటారు. 5 గ్రాముల దగ్గర మొదలైంది. రాజు తల మీద కిరణాల కిరీటం ఉంటుంది, రాణి బొమ్మ అయితే భుజాల కింద నెలవంక ఉంటుంది. నెలవంక కనిపిస్తే అది డినారియస్ కాదు. అమ్మకాల పేజీల్లో ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

తూకానికి 0.01 గ్రాము చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా, దాంతో పాటు సరిచూసుకునే రాయి ఒకటి తీసుకోండి. అడ్డం కొలవడానికి ప్లాస్టిక్ క్యాలిపర్ వాడండి. ఉక్కుది అంచుకి గీత పెడుతుంది.

నల్లమల చుక్క:
రెండో ప్రశ్నకి నా మాట. మొదటి అయిదుగురు: పెద్ద ఫౌస్టీనా, చిన్న ఫౌస్టీనా, జూలియా డోమ్నా, జూలియా మైసా, జూలియా మమయా. వీళ్లవి లెక్కలేనన్ని దొరుకుతాయి. కారణం కూడా తేలిక: పెద్ద ఫౌస్టీనాకి ఇరవై ఏళ్లు, డోమ్నాకి 193 నుంచి 217 దాకా టంకశాల పని చేసింది. దొరకడం తేలిక కాబట్టి వీటిలో బాగున్నదాని కోసం ఆగండి. అరిగిన డోమ్నా కొనాల్సిన అవసరం ఎవరికీ లేదు.

తర్వాతి మెట్టు సబీనా, లూసిల్లా, క్రిస్పినా, ప్లౌటిల్లా. ఆ పైన సొయెమియాస్, జూలియా పౌలా. ఓర్బియానా, అక్విలియా సెవెరా, ‘దివా పౌలీనా’ దాకా వచ్చేసరికి ఎలాంటి స్థితిలో ఉన్నా డబ్బు పెట్టాల్సి వస్తుంది. ప్లోటీనా, మార్సియానా, మటిడియా, డిడియా క్లారా, మాన్లియా స్కాంటిల్లా వేలంలో చూసి ఆనందించడానికి. అన్నియా ఫౌస్టీనా పేరు జాబితాలో రాసుకోకండి, గడి ఖాళీగానే ఉండిపోతుంది.

మొదటి నాణెం ఓర్బియానా కొన్నవాళ్లని చూస్తుంటాం. ఆవిడ మీద నకిలీలు ఎక్కువ, పోల్చుకోవడానికి చేతిలో ఇంకో నాణెం ఉండదు. ముందు పది చవక నాణేలు చేతిలో తిరగనివ్వండి, కన్ను కుదురుతుంది.

సిగముడి:
నల్లమల గారి జాబితాకి ఒక సవరణ: డోమ్నాని ‘ఒకటి’గా లెక్కపెట్టడం అన్యాయం. ఆవిడ ఒక్కదానితోనే ఒక పెట్టె నింపొచ్చు. పేరు రాసిన తీరుని బట్టి కాలం చెప్పేయొచ్చు.

‘యూలియా డోమ్నా ఆగ్’ అని ఉంటే 193-196. ‘యూలియా అగస్టా’ అయితే 196-211. భర్త పోయి కొడుకు కారకల్లా గద్దెనెక్కాక ‘యూలియా పియా ఫెలిక్స్ ఆగ్’, 211-217. చనిపోయాక వేసినవాటి మీద ‘దివా యూలియా అగస్టా’, ఇవి అరుదు. జుట్టు కూడా మారుతుంది. అడ్డంగా పాయలు పాయలుగా అలలు తిరిగి, వెనక పెద్ద ముడి. శిరస్త్రాణం పెట్టుకున్నట్టు ఉంటుంది, సవరం అనే చాలామంది అంటారు.

మొదటి కాలపు నాణేల్లో ఒకటి దగ్గరగా చూడాల్సింది ఉంది. బొరుసు మీద ‘వెనెరి విక్టర్’, అంటే విజయం పొందిన వీనస్‌కి. దేవత మనకి వీపు చూపించి నిలబడి ఉంటుంది. చీర కట్టు జారి తొడల దగ్గర ఆగింది. ఎడమ మోచెయ్యి స్తంభం మీద ఆనించి తాటిమట్ట, కుడి చేతిలో యాపిల్ పండు. మంచి అచ్చు అయితే వెన్నెముక గీత కూడా కనిపిస్తుంది. ఆ గీత అరిగిపోయిందా లేదా అన్నదే ఆ నాణెం ధరని నిర్ణయిస్తుంది. కొనేముందు ఫొటోలో ముఖం కంటే ముందు వీపు చూడండి.

ప్లౌటిల్లా సంగతి ఇంకో రకం. కారకల్లాకి 202లో ఇచ్చి చేశారు, 205లో ఆమె తండ్రిని చంపి ఆమెని లిపారి దీవికి పంపేశారు. మూడేళ్లే. అయినా నాణేలు బాగానే దొరుకుతాయి, ఆ మూడేళ్లలో అంత వేశారు. పెళ్లి నాణేల మీద ఇద్దరూ చేతులు కలుపుతారు, రాత ‘ప్రొపాగో ఇంపెరి’, అంటే సామ్రాజ్యానికి వంశవృద్ధి. ఆ ఇద్దరి మధ్య మాటలే లేవని చరిత్రకారులు రాశారు! మొదటి నాణేల మీద పేరు ‘ప్లౌటిల్లై అగస్టై’, అంటే ‘ప్లౌటిల్లాకి’. తర్వాతవాటి మీద ‘ప్లౌటిల్లా అగస్టా’. జుట్టు ముందు ముడిగా ఉండి, తర్వాత మెడ మీదకి దిగిన జడ అవుతుంది.

గోదారిగట్టు:
చాలా థ్యాంక్స్. నకిలీల మాట వచ్చింది కాబట్టి: ఒకే రకం మమయా నాణేలు రెండు వేర్వేరు చోట్ల అమ్మకానికి చూశాను. రెంటికీ అంచు పగులు ఒకే చోట, ఒకే ఆకారంలో ఉంది. ఒకే అచ్చు అయితే అలా వస్తుందా?

తక్కెడరాజు:
రాదు. రెండూ వదిలేయండి.

ఒకే అచ్చుతో కొట్టిన రెండు అసలు నాణేలకి ముఖం, అక్షరాలు, అచ్చులో వచ్చిన పగుళ్లు ఒకేలా ఉండొచ్చు. కానీ వెండి బిళ్ల ఆకారం, అచ్చు ఎటు జరిగి పడింది, అంచు ఎక్కడ చీలింది, ఎక్కడ గీత పడింది, ఇవి దేనికదే. సుత్తి దెబ్బ దెబ్బకీ మారతాయి. అంచు పగులు కూడా కలిసిందంటే ఒక అసలు నాణెం నుంచి అచ్చు తీసి, దాంతో చాలా తయారు చేశారని అర్థం. ఆ తల్లి నాణెం మీదున్న గాట్లన్నీ పిల్లలకి వస్తాయి.

పోత నకిలీలు పట్టుకోవడం తేలిక. పది రెట్లు పెద్దది చేసే భూతద్దంలో బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ చోట సూదిమొన అంత బుడగల గుంటలు కనిపిస్తాయి. అక్షరాల పక్కలు సబ్బు కరిగినట్టు గుండ్రంగా ఉంటాయి. అంచు చుట్టూ రెండు సగాలు కలిసిన గీత, లేదా ఆ గీతని ఆకురాయితో తోమిన గుర్తు ఉంటుంది. సుత్తితో కొట్టినదాంట్లో లోహం బయటికి పారుతుంది, అక్షరాల కాళ్ల దగ్గర అంచువైపు సన్నటి చారలు కనిపిస్తాయి.

కష్టమైనవి కొత్త అచ్చు చెక్కి, మంచి వెండితో కొట్టినవి. అక్కడ తూకం, అడ్డం ఏమీ పట్టివ్వవు. అక్షరాల శైలి, కొప్పు పాయల లెక్క అసలువాటితో పోల్చి చూడాలి. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ‘ఓక్రే’ జాలంలో ఒక్కో రకానికి మ్యూజియం నాణేల ఫొటోలు ఉచితంగా ఉన్నాయి. కనీసం అయిదు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

బల్ల మీద పడేసి మోత వినడం మాత్రం వద్దు. వందల ఏళ్లలో లోపలి వెండి పలుకులు కట్టి పెళుసుగా అవుతుంది. అలాంటి అసలు నాణెం మోగదు, పైగా రెండు ముక్కలవుతుంది.

ఉప్పుటేరు:
పూత నాణేల సంగతి కూడా చెప్పాలి కదా తక్కెడరాజు గారూ. పాతకాలంలోనే రాగి బిళ్లకి వెండి రేకు చుట్టి, వేడి చేసి అతికించి, పైన అచ్చు కొట్టేవాళ్లు. ఇవి 2.2 నుంచి 2.8 గ్రాములు తూగుతాయి. చెంప, కొప్పు అంచు, పెదవి లాంటి ఎత్తు భాగాల దగ్గర రేకు చిరిగి రాగి బయటపడుతుంది, లోపలి నుంచి కిలుము ఉబ్బి రేకుని లేపుతుంది. వీటిలో బొమ్మ ఒక రాణిది, బొరుసు ఇంకెవరిదో అయిన జోడీలు తరచూ ఉంటాయి. అలాంటి జోడీ కనిపిస్తే ముందు అంచు చూడండి, ఎక్కడో ఎర్రగా తొంగిచూస్తుంటుంది.

కానీ సైనిక జెండాలు ఉన్నంత మాత్రాన అనుమానించకండి. చిన్న ఫౌస్టీనాకి, డోమ్నాకి ‘శిబిరాలకు తల్లి’ అనే బిరుదు ఉంది. ఆ నాణేల మీద జెండాల ముందు బలిపీఠం దగ్గర రాణి నిలబడటం సరైనదే.

తక్కెడరాజు:
ఒప్పుకుంటాను. పూత నాణేలు నకిలీలే కానీ పాతకాలపు నకిలీలు. పూత అని చెప్పి, దానికి తగ్గ ధరకి ఇస్తే కొనొచ్చు.

కొత్తపేట వెండి:
నాకొక డోమ్నా వచ్చింది, మీద నల్లగా, మధ్యలో పచ్చగా ఉంది. ఇంట్లో వెండి కుందులకి చింతపండు, విభూతి వేస్తారు కదా. మెల్లగా తోమితే ప్రమాదమా?

ఉప్పుటేరు:
దయచేసి వద్దు. కుంది వేరు, డోమ్నా వేరు. కుందిలో వెండి తొంభై పాళ్ల పైనే. డోమ్నాలో సగం దాకా రాగి. టంకశాలలోనే బిళ్ల పైపొర నుంచి రాగి పోయి, తెల్లటి వెండి పొర పల్చగా మిగిలేలా చేసేవాళ్లు. చింతపండు పులుపు కింద పలుకుల మధ్యనున్న రాగినీ, కిలుమునీ కరిగించేస్తుంది. పైపొర కింద ఆధారం పోయి తేనెపట్టులా చిల్లులు పడతాయి. విభూతి, టూత్‌పేస్టు రెండూ సన్నటి ఇసుకే, కొప్పు పాయల్ని నున్నగా చేస్తాయి. ఆ మెరుపు కొనేవాడికి దూరం నుంచే తెలిసిపోతుంది, ధర సగం పడిపోతుంది.

ముందు నలుపు ఏమిటో చూడాలి. పల్చటి, నిగనిగలాడే నలుపు గంధకం వల్ల వచ్చిన వన్నె, దాన్ని ముట్టుకోకండి. చాలామంది దానికోసమే ఎక్కువ ఇస్తారు. ఊదా-గోధుమ రంగులో మైనంలా మందంగా అక్షరాలని కప్పేసినది సిల్వర్ క్లోరైడ్ అయి ఉండొచ్చు. దానికి సోడియం థయోసల్ఫేట్, ఫొటో స్టూడియోల్లో ‘హైపో’ అనేవాళ్లు. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 10 గ్రాములు కలిపి గాజు గిన్నెలో నాణెం ఉంచాలి. అరగంటకోసారి తీసి చూడాలి, అక్షరం కనిపించగానే ఆపాలి. తర్వాత డిస్టిల్డ్ వాటర్ మారుస్తూ ఒక రోజు నానబెట్టాలి, లేకపోతే మిగిలిన హైపో మళ్లీ మరకలు పెడుతుంది. చిన్న పగులున్న నాణేనికి ఇది కూడా చేయకండి. ఒక్కోసారి ఆ క్లోరైడే రెండు ముక్కల్నీ పట్టి ఉంచుతుంది.

పచ్చటిది గట్టిగా ఉంటే వదిలేయండి. జిగటగా, వేలికి అంటుతూ ఉంటే అది మెత్తటి పీవీసీ కవర్ల పాపం. అసిటోన్‌లో అరగంట ఉంచితే పోతుంది. గాజు గిన్నె, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా. గోళ్ల రంగు తుడిచే సీసా పనికిరాదు, దాంట్లో నూనె, వాసన కలుపుతారు. తర్వాత మైలార్ (పాలియెస్టర్) కవర్లో పెట్టండి. కోస్తా ఊళ్లలో ఉంటే డబ్బాలో సిలికా జెల్ తప్పనిసరి. రబ్బరు బ్యాండు డబ్బా దగ్గరికి కూడా రానీయొద్దు, అందులో గంధకం ఉంటుంది.

అట్లాంటా తెలుగు:
ఇక్కడ వేలంలో కొని, ఊరికి వచ్చేటప్పుడు తేవచ్చా? నల్లగొండ జిల్లాలోనే రోమన్ వెండి దొరికిందంటారు కదా, అక్కడివి కొనుక్కోవచ్చా?

నల్లమల చుక్క:
రెండింటికీ జాగ్రత్త. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే, ఏ దేశానిదైనా. ఇండియాకి తెచ్చాక మళ్లీ మీతో బయటికి తీసుకుపోవడం కుదరదు, ఎగుమతి కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంది. అమెరికాలో ఉన్న సేకరణ అక్కడే ఉండనివ్వండి. తేవాలనుకుంటే శాశ్వతంగా తెస్తున్నామనుకునే తేవాలి, రసీదులన్నీ దగ్గర ఉంచుకోవాలి.

భూమిలో దొరికినవి అసలు వద్దు. 1878 నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటినది దొరికితే కలెక్టర్‌కి తెలియజేయాలి. ‘పొలంలో దొరికింది’ అని ఎవరైనా అమ్మజూపితే, అది దొంగదైనా కావాలి, నకిలీదైనా కావాలి.

ఇంకో ఆనవాలు చెప్తాను. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లి నిధిలో 1,500 పైగా డినారియస్‌లు దొరికాయి, అవి అగస్టస్, టిబేరియస్‌లవి. దక్షిణాదిలో దొరికిన రోమన్ వెండిలో అధికభాగం ఈ ఇద్దరిదే. నీరో వెండి తగ్గించాక మనవాళ్లు పాత నాణేలనే ఇష్టపడ్డారన్నది చాలామంది చెప్పే కారణం. అందుకని ‘నల్లగొండ పొలంలో దొరికిన డోమ్నా వెండి నాణెం’ అంటే నమ్మకండి.

అట్లాంటా తెలుగు:
టిబేరియస్ నాణెం బొరుసు మీద కూర్చున్న స్త్రీ ఆయన తల్లి లివియా కదా? అంటే మన నేలలో దొరికిన రోమన్ రాణి ఆవిడే అన్నమాట. సేకరణలో మొదటి గడి ఆమెకి ఇవ్వొచ్చు.

సిగముడి:
నేను ఇవ్వను. దాని మీద ‘పొంటిఫ్ మాక్సిమ్’ అని ఉంది, అది టిబేరియస్ పురోహిత పదవి. స్త్రీ పేరు ఎక్కడా లేదు. రాజదండం, కొమ్మ పట్టుకున్న శాంతిదేవత అని కొందరు, ఆ రూపంలో లివియా అని కొందరు. పేరు రాయని బొమ్మని రాణి చిత్రం అని లెక్కపెడితే రేపు ప్రతి సెరెస్‌నీ లెక్కపెట్టాలి.

నల్లమల చుక్క:
సిగముడి గారూ, అంత కచ్చితంగా ఉంటే ముందు కాలానికి మిగిలేది ఎంత? క్లియోపాత్రా పేరు, ముఖం రెండూ ఉన్న 32 నాటి (క్రీ.పూ.) ఆంటొనీ డినారియస్, క్లాడియస్‌తో అగ్రిప్పీనా, కొడుకు నీరోకి ఎదురెదురుగా అగ్రిప్పీనా, టైటస్ కూతురు జూలియా, డొమీషియా. ఒక్కటీ చవక కాదు. టిబేరియస్‌ది పెట్టుకుని, చీటీ మీద ‘లివియా?’ అని ప్రశ్నార్థకంతో రాసుకుంటే తప్పేముంది.

సిగముడి:
ప్రశ్నార్థకం ఉంటే నాకు అభ్యంతరం లేదు.

తక్కెడరాజు:
చీటీ మాట వచ్చింది కాబట్టి: ప్రతి నాణేనికీ తూకం రెండు దశాంశాల దాకా, అడ్డం, కొన్న తేదీ, కొన్నచోటు, ఆర్‌ఐసీ (‘రోమన్ ఇంపీరియల్ కాయినేజ్’ అనే కేటలాగు) నంబరు, ఇంకా అచ్చు దిశ రాయండి. బొమ్మని నిటారుగా పట్టుకుని, నిలువు ఇరుసు మీద పుస్తకం పేజీలా తిప్పండి. బొరుసు తల పైకి ఉంటే గడియారంలో 12, కిందికి ఉంటే 6. ఈ రాణుల కాలంలో రోమ్ టంకశాల నాణేలు ఎక్కువగా ఈ రెంటి దగ్గరే ఉంటాయి. 3, 9 దగ్గర ఉంటే అంచు ఇంకోసారి చూడండి. నంబర్లకి ఫౌస్టీనాలు, లూసిల్లా, క్రిస్పినా మూడో సంపుటంలో, డోమ్నా నుంచి నాలుగో సంపుటంలో ఉంటారు.

గోదారిగట్టు:
చూశాను, 6 దగ్గర ఉంది. సెరెస్ కాగడా ఒక చేతిలో, రెండో చేతిలో నిలువుగా ఏదో ఉంది. కంకులా, రాజదండమా తెలియడం లేదు.

సిగముడి:
కంకులైతే కురచగా చేతి దగ్గరే ఆగిపోతాయి, పైన చీలి ఉంటాయి. రాజదండమైతే నేల దాకా దిగుతుంది. గది దీపం ఆపేసి, టార్చి నాణేనికి పక్కగా, బల్లకి ఆనించినంత కిందికి పెట్టి ఫొటో తీయండి. కాళ్ల పక్కన గీత నీడ పడుతుందో లేదో చెప్పండి.